ఫ్రేముకు కింద

ఐదు, నాలుగు, మూడు.
మిగిలిన రెండంకెలు ఎవ్వరూ నోటితోని అనరు.
ఫ్లోర్ మేనేజర్ వేళ్లు మడుస్తడు.
ఆ రెండు సెకన్లు నేను వారాసిగూడ పిల్లను.
తర్వాత
"నమస్కారం. తొమ్మిది గంటల వార్తలకు స్వాగతం."

ఆడిషన్ల "వచ్చిండు" అన్ననని నవ్విండ్రు.
"వచ్చారు" అనాల్నట.
పెన్సిలు పండ్ల నడుమ కరుసుకొని
డాబా మీద సింటెక్స్ టాంకీకి
మూడు నెల్లు వార్తలు చదివి వినిపిచ్చిన.
కింద బట్టలు పిండుకుంట అమ్మ అడిగేది:
"ఎవలతోని మాట్లాడుతున్నవే?"
"ఎవలతోని లేదమ్మా, తెలుగుతోని."

ఆరేండ్లు వహీద్ భాయ్ బండి ఎనక కూసున్న,
ట్రైపాడ్ ఒళ్లె వెట్టుకొని.
అసెంబ్లీ గేటు, నాంపల్లి కోర్టు, ఇందిరాపార్కు ధర్నాలు,
ఉస్మానియా మార్చురీ.
అక్కడ చాయ్ తాగుడు నేర్పింది ఆయనే.
"పీలో బేటా, ఖాళీ కడుపుకు వాసన ఎక్కువ కొడ్తది."
"కెమెరామన్ వహీద్‌తో శమంత" అని
ఎన్నిసార్లు అన్ననో లెక్కలేదు.
ఆయన బిడ్డ పెండ్లిల స్టేజి ఎక్కితె
ఎనక నుంచి ఎవరో అదే అరిసిండ్రు.
అందరం నవ్వినం.

ఆ రాత్రి మూసీ
చాదర్‌ఘాట్ బస్తీలకు చెప్పకుంట వచ్చింది.
చెప్పినమని తర్వాత ఆఫీసర్లన్నరు.
నీళ్లు మోకాళ్ల దాక.
చెవిల డెస్కు: "ఇంకో రెండడుగులు లోపలికి పో,
నడుం దాక వస్తే విజువల్ బాగుంటది."
పోయిన. మూసీ నా చెప్పులు గుంజుకున్నది.
నెత్తిమీద స్టవ్వు, చంకల బియ్యం డబ్బతోని ఒకామె ఎదురొస్తె
మైకు మూతికి వెట్టి అడిగిన:
"ఎట్లనిపిస్తుందమ్మా?"
ఆమె మైకును చూసింది, నన్ను చూసింది.
"ముందుగాల ఈ డబ్బ వట్టు" అన్నది.
వట్టిన.
పదకొండు సెకన్లు రాష్ట్రమంతటికీ
నీళ్ల సప్పుడు తప్ప ఏం ఇనబడలె.
రిపీట్ల కోసేసిండ్రు.

గడ్డకొచ్చినంక తన హవాయి చెప్పులు విడిసి నా ముందల ఏసింది.
"గాజుపెంకులుంటయ్. తొడుక్కో.
రేపు తెచ్చియ్యి."
రేపు ఇంకో బ్రేకింగ్ ఉండె.
ఎల్లుండి ఇంకోటి.
తొమ్మిదో దినం పోతె గల్లీల గోడలు లెవ్వు.
"ఎవలామె?" అన్నరు.
ఏమని చెప్పాలె?
స్క్రీన్ మీద ఆమె బొమ్మ కింద
"బాధితురాలు" అని వడ్డది.
రాసిచ్చింది నేనే.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌ల ఏసీ స్టూడియో.
ఆరు డబ్బాల్ల ఆరుగురు మొత్తుకుంటరు.
నడిమిట్ల నాది ఒక్కటే మాట:
"ఒక్క నిమిషం... ఒక్క నిమిషం."
ఆ నిమిషం ఇప్పటిదాక ఎవ్వరూ ఇయ్యలె.
కెమెరా నన్ను నడుం మీదికెళ్లే నమ్ముతది.
బ్లేజరు, పౌడరు, "వచ్చారు", "వెళ్లారు".
బల్ల కింద
నీలం పట్టీల హవాయి చెప్పులు,
ఎడమదానికి పిన్నీసు.
స్టూడియో ఊడ్సే భారతమ్మకు తప్ప ఎవలకెరుక లేదు.
"నీ సైజు కాదు గదమ్మా" అన్నది ఒకసారి.
అవును, కాదు.

ఇయ్యాల మళ్ల వాన.
తెర సగంల కొత్త పిలగాడు ప్రణీల్,
మూడు నెల్ల నౌకరి, నడుం దాక నీళ్లు.
వాని పక్కన నెత్తిన మూటతోని ఒకామె.
ప్రాంప్టర్ మీద నా ప్రశ్న పైకెక్కుతుంది:
"అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"
నోట్లె పెన్సిలు లేదు.
"ప్రణీల్, ఆమె పేరేందో అడుగు" అన్న.
చెవిల ఎవరో అరుస్తున్నరు.
నా మాట ఆకాశం దాక పొయ్యి
మూసీ ఒడ్డున దిగెటందుకు రెండు సెకన్లు వడ్తది.
వానికి ఇంక ఇనబడలె.
మొకం మీది వాన తుడుసుకుంట
కెమెరా దిక్కే చూస్తున్నడు.
బల్ల కింద నా కాలివేళ్లు
ఆ రబ్బరును గట్టిగ పట్టుకున్నయ్.