పుంజుబిళ్ళ

మర్రిగూడ బడి గేటు కాడ
మస్తాన్‌బీ డబ్బా.
గాజుసీసల ఎర్రబిళ్ళలు, పావలాకు మూడు.
పేరేందో ఎవ్వల్కెరుక?
కాయితం మీద కోడిపుంజు బొమ్మ,
గందుకే పుంజుబిళ్ళ.

చప్పరిస్తె నాలిక, పెదవులు,
పండ్లు గూడ ఎర్రగయ్యేటియి.
బోరింగు నీళ్ళు పెట్టిన పచ్చటి గార
గా అరగంట
ఎవ్వల్కీ కానరాకపోయేది.
అండాలు నోరంత తెరిచి నవ్వంగ
గప్పుడే చూసిన.

పోయినేడు దాని బిడ్డ పెండ్లి.
ఫోటోలల్ల అన్నిట్ల
మూతి ముడుచుకునే ఉన్నది.

మొన్న నల్లగొండ గడియారం కాడ
కిరాణాలన్నీ అడిగిన.
"గా కంపిని ఎప్పుడో మూతవడ్డది సార్,
ఇది తీస్కోండ్రి, పాల చాక్లెటు."

కొన్న. తియ్యగనే ఉంది.
బండి అద్దంల
నాలిక జూస్కున్న.