పైమూల చుక్క

బరంపురంలో, బస్టాండు వెనక కొట్లో
సాహు నా కెమెరాని తిరగేసి
అడుగున నంబరు చదివి
ఎదురుగా ఉన్న తెల్లగోడని ఒక ఫోటో తీశాడు.
ఏమీ లేని గోడ.
ఆ ఏమీ లేనిదాంట్లో, కుడివైపు పైమూలకి కాస్త కిందుగా
ఆవగింజలో సగం
ఎర్ర చుక్క.

"పురుణా మాలు, దాదా" అన్నాడు జాలిగా.
రెండువేల రెండొందలు కాస్తా
పద్నాలుగొందలైంది.

నాకు తెలీదా ఆ చుక్క?
పదకొండేళ్లుగా దాన్ని తుడవడమే నా పని.
పర్లాకిమిడిలో, కొమ్ముపని వాళ్ల వీధి మలుపులో
ఒక కుర్చీ, ఒక నీలం తెర,
కరెంటు ఉన్నంతసేపు కంప్యూటరు.
ఎవరొచ్చి కూర్చున్నా ముందు ముఖం చూసేవాణ్ణి కాదు,
మూల చూసేవాణ్ణి.
పక్కనున్న రంగు చిటికెడు తీసి దానిమీద అద్ది
అప్పుడు మనిషి దగ్గరికొచ్చేవాణ్ణి.

పెళ్లిపందిట్లో అది మామిడాకు మీద పడేది.
సేరంగో కొండ దిగి, కొత్త చొక్కా మడతలు విప్పకుండానే వేసుకుని
హాల్‌టికెట్టు ఫోటోకొచ్చిన సవర కుర్రాడి వెనక
నీలం తెర మీద పడేది.
తవిటమ్మ పింఛను ఫోటోలో ఒక్కసారి మర్చిపోయాను.
ఆఫీసులో గుమస్తా గోటితో గీకి గీకి
కాగితం చిరిగిందే గాని చుక్క పోలేదు.
"నా నుదుటి మీదిది తీసేసినారు గదా బాబూ,
ఇదెక్కణ్ణించొచ్చినాది?"
అని ముసల్ది నవ్వింది.
డబ్బు తీసుకోకుండా ఇంకొకటి తీశాను.
అందులో, మళ్లీ, తుడిచాను.

తుడవనిది ఒక్కటే.
దుర్యోధన మహారాణా గేదెకొమ్ము సానబట్టి
మెడ పైకెత్తిన కొంగని చేశాడు,
భువనేశ్వర్ ఎగ్జిబిషనుకి ఫోటో పంపాలన్నాడు.
చుక్క తిన్నగా పోయి దాని కంట్లో కూర్చుంది.
మౌస్ కదిపేలోగా నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఉండనీ. ఇన్నాళ్లూ గుడ్డి కొంగల్ని అమ్మాను."
అప్పట్నించీ అతని కొంగలన్నిటికీ ఎర్రపూస కన్ను.
ఎక్కడెక్కడి షోకేసుల్లో నిలబడి చూస్తున్నాయో అవి!
కొన్నవాళ్లకేం తెలుసు,
ఆ చూపు ముందు నా చెడిపోయిన కెమెరాదని.

"ఇచ్చేస్తారా మరి?"
కాలిక్యులేటరు నావైపు తిప్పాడు సాహు.
థర్మాకోలు గూట్లో కొత్తది
పొదగని గుడ్డులా ఉంది.
చీకట్లోనూ చూస్తుందిట.
మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుందిట.
మరి నేనేం వెతకాలి, అని అడగలేదు.

పద్నాలుగొందలంటే రెండు నెలల కరెంటు బిల్లు,
లేదా వానల్లోపు మార్పించాల్సిన రేకు.
పాతదాన్ని మళ్లీ వాడను, ఆ సంగతీ తెలుసు.
వాడని వస్తువుకి చోటిచ్చేంత ఇల్లు కాదు మాది.
ఇన్నీ తెలిసే, సంచీ జిప్పు తీసి
దాన్ని మళ్లీ లోపల పెట్టుకున్నాను.
కారణం చెప్పలేదు.
చెబితే సాహు ఇంకో వంద పెంచేవాడు.

ఇంటికొచ్చి కొత్తదాంతో మా రాజ్యాన్నే తీశాను,
తడిచేతులు చీరకి తుడుచుకుంటూండగా.
కంప్యూటరులో తెరవగానే
చెయ్యి అలవాటుగా కుడిమూలకి పరిగెత్తింది.
అక్కడేం లేదు.
కాసేపు ఆ ఏమీ లేనిదాన్నే
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను.
తర్వాతెప్పటికో ఆవిడ ముఖం చూశాను.
ఎడమ కనుబొమలో ఒక తెల్ల వెంట్రుక.
ఎప్పుడొచ్చిందో.

శ్రావణం తేమకి బూజు పడుతుందని
పాతదాన్ని గుడ్డలో చుట్టి
బియ్యం డబ్బాలో కప్పెట్టాను.
పొద్దున్నే చేతిలో సోలతో రాజ్యం గుమ్మంలో నిలబడింది:
"ఏటిది? ఎన్నాళ్లు దీని సుట్టూ కొలుసుకోవాల నాను?"

"డబ్బా అడుక్కొచ్చినప్పుడు చెప్తాలే" అన్నాను.
నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులుంది.