ఇరవై, ఎనిమిది సార్లు

చిలోయే దీవుల్లో ఆఖరి దీవి.
వాన పడితే అక్కడ కబురు కాదు, ఆగితేనే కబురు.
చెక్కపెంకుల గోడల ఆసుపత్రి, రెండే గదులు,
నడుమ కట్టెల పొయ్యి,
కప్పు మీద ఆకాశానికి దోసిలి పట్టిన డిష్షు.

పడవ రేవులో జారిపడ్డాడు ఎలీసియో.
తొమ్మిదేళ్ళవాడు. ముంజేయి బంగాళాదుంపలా వాచింది.
నర్సు యోవానా కొలివోరో ఎక్స్‌రే తీసింది.
బొమ్మ నలభై మెగాబైట్లు తూగింది.
గోడకి అంటించిన కంపెనీ కాగితం మీద
పంపే వేగం, సెకనుకి రెండు మెగా...
ఆ తర్వాతి ముక్క ఆవిడ ఏనాడూ చదవలేదు.
నలభైని రెండుతో నోటిమీదే భాగించి,
"ఇరవై దాకా లెక్కపెట్టు బాబూ,
ఈలోగా కాస్ట్రో పట్నంలో డాక్టరు చూసేస్తాడు" అంది.

లెక్కపెట్టాడు.
ఇరవై అయింది. తెర మీద నీలిగీత
అప్పుడే పారాడటం నేర్చుకున్న పిల్లలా ఉంది.
మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.
మూడో ఇరవైకి ఏడుపు ఆగి
లెక్క తప్పకూడదన్న పంతం పుట్టింది.
ఐదో ఇరవైలో పొయ్యిలో కట్టె విరిగింది,
వాడు తల తిప్పలేదు.
ఏడో ఇరవైలో పద్నాలుగు దగ్గర దగ్గొచ్చింది,
దగ్గులోంచే పదిహేను అన్నాడు.
ఎనిమిదో ఇరవై నోట ఉండగానే
గీత గట్టెక్కింది.

"ఎనిమిది ఇరవైలు పట్టింది," అన్నాడు,
"నువ్వు ఒక్కటే చెప్పావు."

యోవానా కళ్ళద్దాలు తుడుచుకుని
గోడ దగ్గరికి వెళ్ళింది.
మూడేళ్ళుగా అక్కడే ఉంది, చిన్న బి.
మెగాబిట్లు. బైట్లు కావు.
మన రాతలో అయితే
గుడికీ ఐత్వానికీ ఉన్నంత తేడా,
అంతే.

మనకీ ఉండేది ఇలాంటి ఎక్కం,
ఎనిమిది వీశలు ఒక మణుగు.
మణుగు మాట చెప్పి వీశ తూచినవాణ్ణి
సంతలో నిలబెట్టి కడిగేవారు.
ఈ కంపెనీని కడగడానికి లేదు,
చెప్పింది వీశలే, తూచిందీ వీశలే,
మణుగులని విన్నది మనమే.

పొయ్యి పక్కన మాతే పీలుస్తున్న అమ్మమ్మ,
ఒతీలియా రెమోల్కోయ్,
ఇరవై రెండేళ్ళు తంతి మీట మీద వేలు ఆనించిన మనిషి,
"మా రోజుల్లో దీన్ని ఎందులో కొలిచేవాళ్ళమో తెలుసా" అంది.
మాటల్లో.
నిమిషానికి ఇరవైనాలుగు మాటలు ఆవిడ చేతి వేగం.
మాట అంటే యాభై చుక్కలంత కాలం.
యోవానా సిరంజి డబ్బా వెనక పెన్సిలు గీసింది:
నిమిషానికి పన్నెండు వందలు,
సెకనుకి ఇరవై.

"అయితే ఈ చేతిబొమ్మ నేను కొడితే?"

బొమ్మలో బిట్లు ముప్పైరెండు కోట్లు.
ఇరవైతో భాగిస్తే కోటీ అరవై లక్షల సెకన్లు,
అంటే నూట ఎనభైఐదు రోజులు,
రాత్రుళ్ళు కలిపి, మాతే లేకుండా.
"ఈలోగా ఎముక దానంతటదే అతుక్కునేది,"
అంది ఒతీలియా, "డాక్టరుకి తీరిక దక్కేది."
నవ్వు ఆపుకోబోయి ఎలీసియో
చెయ్యి కదిలించి అబ్బా అన్నాడు.

కాస్ట్రో నుంచి జవాబు వచ్చింది.
రావడం ఎవరూ చూడలేదు,
చూసేసరికి తెర మీద ఉంది:
చిన్న బీటు. కట్టు చాలు.

చదివి వినిపించమంది ముసలావిడ.
విని, బల్ల అంచు మీద చూపుడువేలితో
ఆ నాలుగు మాటలూ కొట్టింది,
ఎవరికీ కాదు,
చివరి చుక్క దగ్గర ఒక్క క్షణం ఆనించి.

"పది," అన్నాడు పిల్లవాడు.
వాడింకా లెక్కపెడుతూనే ఉన్నాడు.