గుర్రం చెప్పిన కోణం

గడ్డకట్టిన నరిన్ నది మీద జారిపడ్డ గుర్రం లేచి నిలబడింది.
ఓరోజాలీ లేవలేదు.
కుడి పిక్కలో రెండెముకలూ విరిగి
ఒక మొన చర్మం కింద దాకా వచ్చి ఆగింది,
గుడారం గుడ్డను లోపలినుంచి పొడిచే గుంజలా.

ఆ రాత్రే పిక్క రాయి అయింది.
బొటనవేలు కాస్త వంచితే చాలు, కేక.
ఇంకో ఫిల్ము కోసం ఆగలేదు నేను,
రెండు పక్కలా పొడుగ్గా కోసి వదిలేశాను.
బూడిదరంగు కండ కాసేపు ఆలోచించి
ఎర్రబడింది.
"కాలు ఉందా?" అన్నాడు తెల్లారి.
"ఉంది" అన్నాను. అంతవరకే తెలుసు నాకు.

ఆరో రోజున
మోకాలి కిందనుంచి చీలమండ దాకా
మజ్జ దారిలో స్టీలు రాడ్డు దింపాను.
తెర మీద ఎదురునుంచి చూస్తే నిటారు,
పక్కనుంచి చూస్తే నిటారు,
వడ్రంగి కూడా వంక పెట్టలేడు.
స్క్రూలు బిగించి చేతులు కడుక్కున్నాను.

ఆగస్టులో మళ్ళీ వచ్చాడు.
"కాలు బానే ఉంది డాక్టరమ్మా, గుర్రానికే ఏదో అయింది.
తిన్నగా పొమ్మంటే ఎడమకే పోతోంది."

ఆసుపత్రి వెనక, బొగ్గు గుట్ట పక్కన
ఎక్కి చూపించమన్నాను.
రికాబులో కుడి బొటనవేలు కొండలకేసి తిరిగి ఉంది,
మడమ డొక్కలో గుచ్చుకుంటోంది.
పాపం, అది చెప్పిన మాటే వింటోంది.
చెప్పింది నేను.

బోర్లా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచి కొలిచాను:
పాదానికీ పాదానికీ ఇరవై రెండు డిగ్రీలు.
అతికిన ఎముకని మళ్ళీ కోయాలని
చెప్పడానికి నాకు రెండు గ్లాసుల టీ పట్టింది.
అతను తిట్టలేదు.
"మా తాత ఎముకలు కట్టేవాడు," అన్నాడు,
"కట్టే ముందు రెండో కాలి బూటు కూడా విప్పించేవాడు.
బాగున్న కాలే కొలబద్ద అనేవాడు."

కోశాను. తిప్పాను. బిగించాను.
ఈసారి గాయం మూడు వారాలు చెమరుస్తూనే ఉంది,
రోజూ పొద్దున దూది వాసన చూసేదాన్ని,
ఎవరికీ చెప్పకుండా.

ఇప్పుడు నా బల్ల మీద రెండు కాళ్ళూ బయటే ఉంటాయి.
కొత్తగా వచ్చిన నర్సు జిపార్ అడుగుతుంది,
మంచి కాలిని కూడా ఎందుకు కడగడం అని.

ఇక్కడ గుర్రం లేదు కదా, అంటాను.