ఇంకా శ్రుతేనా

గుణుపురం పాత స్టేషను రోడ్డులో
పారినాయుడి బ్యాండుమేళం గోదాము.
పెళ్లిళ్లు లేని ఆషాఢం.
డ్రమ్ములు గోనెపట్టాల కింద బోర్లా పడుకున్నాయి.
పెద్ద బాకా మూతిలో ఎలుక ఈనింది.
అక్కడ, ఒకే ప్లగ్గు పాయింటుకి
రెండు గిటార్లు.

ఇలియాసరు కొండమీది పుట్టాసింగి నుంచి
ఆఖరి జీపులో దిగుతాడు.
ఆదివారాలు చర్చిలో మూడు కార్డులు,
గురువారాలు నాతో ఒక్కటీ లేదు.
తెగిపోయిన మొదటి తీగ చోట
సైకిలు బ్రేకు వైరు విప్పి లాగిన ఒక పోగు కట్టాడు.
దానిమీద ఏ స్వరమూ నిలవదు.
అందుకే దానిమీదే ఎక్కువసేపు ఉంటాడు.

నాకు సవర రాదు, అతనికి తెలుగు రాదు.
మధ్యనున్న ఒడియా ఇద్దరికీ తప్పులే.
"కొంచెం మెల్లగా" అనబోయి
నేనొకసారి "కొంచెం బరువుగా" అన్నానట.
ఆ రోజు వాయించినట్టు
మళ్లీ ఎప్పుడూ వాయించలేదు.

ఇది జుగల్బందీ కాదు.
నువ్వొకటంటే నేనొకటనే సంతబేరం కాదు.
నేనొక మెట్టు ఎక్కుతాను,
అతను ఆ మెట్టు తీసేస్తాడు.
పడుతున్నంతసేపూ కింద ఏదో పరుస్తూనే ఉంటాడు:
గోకుడు, గీరుడు,
చెక్కమీద మునివేళ్ల చినుకులు,
బ్రేకు పోగు కీచుమనడం.
నేల మాత్రం పరచడు.

గుమ్మంలో చుట్ట ముట్టించి కూర్చున్నాడు పారినాయుడు,
ముప్పై ఏళ్లు క్లారినెట్టు ఊదినవాడు.
చుట్ట సగమయ్యాక అడిగాడు:
"ఇంకా శ్రుతేనా బాబూ? పాట ఎప్పుడెత్తుతారు?"

నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
నౌపడా నుంచి చిన్నరైలు నడిచిన రోజుల్లో
మా నాన్న ఈ లైనులోనే గ్యాంగుమేను.
పట్టాల మధ్య ఎడం కొలిచే ఇనపబద్ద అతని చేతిలో.
వేలెడు తేడా వచ్చిందా, పెట్టె దొర్లిపోద్దిరా, అనేవాడు.
పట్టాలు పీకేసి వెడల్పు లైను వేశాక
ఆ బద్ద దేన్నీ కొలవక మా ఇంటికొచ్చింది.
గిటారు ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద
ఇప్పుడు దాన్ని జారుస్తాను.
బరువుకి మూలుగుతాయి.
ఎడం ఎంతుండాలో చెప్పేవాడు లేడు.

అంతలో కరెంటు పోయింది.
యాంప్లిఫయరు గురక ఠక్కున ఆగింది.
చేతులు ఆగలేదు.
ఇనప్పెట్టెలో పెట్టినంత చిన్నగా మా ఇద్దరి చప్పుడు,
దానిమీద రేకుల కప్పు, వాన.
చీకట్లో పెట్టె గొళ్లెం తీసిన అలికిడి.
పారినాయుడు క్లారినెట్టు ఊదలేదు.
మీటలు మాత్రం నొక్కుతున్నాడు,
టక్కు... టక్కుటక్కు...
ఊపిరి లేని వేళ్ల నడక.
ఇలియాసరు వెంటనే తప్పుకుని చోటిచ్చాడు,
జీపులో ఇంకొకరికి జరిగినట్టు.

ఎంతసేపో తెలీదు.
లైటు వెలగ్గానే
ముగ్గురం సిగ్గుపడి ఆపేశాం.
బాకాలో ఎలుకపిల్లలు మాత్రం
ఏదో ఎత్తుకునే ఉన్నాయి.