పాదం కింద మిషను

శాంటియాగోలో తలుపు మూసేసరికి మంగళవారం రాత్రి.
ఆక్లండ్‌లో దిగేసరికి గురువారమట,
బుధవారం పసిఫిక్‌లో ఎక్కడో జారి పడిపోతుంది.
నాది కిటికీ సీటు. ఆర్నెల్ల వీసా, కివీపళ్ళు కోసే పని.
నడవ పక్కన దోన్యా సునిల్దా, డెబ్బై రెండేళ్ళు.
మోకాళ్ళ దాకా బిగువు మేజోళ్ళు;
అవి తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టిందని
బెల్టు పెట్టుకోకముందే చెప్పింది.
పొట్టలో సూది కూడా పొడుచుకుని వచ్చిందట,
వేలికి దిగేదానికన్నా నయం అంది.

దీపాలు ఆర్పారు.
బూట్లు విప్పింది.
మడమ నేల మీద, వేళ్ళు పైకి.
వేళ్ళు నేల మీద, మడమ పైకి.
చప్పుడే లేదు, అయినా మా అమ్మమ్మని చూసినవాణ్ణి,
తెలిసిపోయింది:
ఈవిడ మిషను తొక్కుతోంది.

"వల్పరాయిసోలో నలభయ్యొక్కేళ్ళు తొక్కాను.
నావికుల లాగులు, పెళ్ళిగౌన్లు, ఓసారి సర్కస్ గుడారం.
పిక్కలు రాళ్ళలా ఉండేవి.
తర్వాత మోటారు మిషను కొన్నాను, సుఖం మరిగాను.

మాడ్రిడ్ వెళ్తూ మధ్య సీట్లో ఇరుక్కున్నాను.
పక్కన పెద్దమనిషి, కోటు మడత నలగకుండా నిద్ర.
లేపడమెలా?
పదమూడు గంటలు నీళ్ళు ముట్టలేదు, తాగితే లేవాలి కదా.
నాలుగోనాటికి ఎడమ పిక్క వేడెక్కి గుమ్మడికాయంత.
డాక్టరు తెర మీద చూపించాడు, సిరలో చిన్న ముడి.
దారం ముడైతే పళ్ళతో తెంపేదాన్ని.
ఇది కదిలి ఊపిరితిత్తిదాకా పోయింది.
మొహమాటానికి పోతే
నెత్తురు గడ్డకట్టింది, బాబూ."

అందుకని గంటకోసారి లేచేది,
కాలుగాలిన పిల్లిలా నడవ చివరిదాకా.
గురక పెట్టేవాళ్ళ మోచేతులు తగిలినా క్షమాపణ లేదు.
వస్తూ రెండు గ్లాసుల నీళ్ళు, ఒకటి నాకు.
"లే."
నాకు ఇరవై మూడే అన్నాను.
"అడిగానా? లే."

కిటికీలో చీకటి తప్ప ఏమీ లేదు.
నాలుగింటికి నన్నూ మిషను ముందు కూర్చోబెట్టింది.
"ఏం కుడదాం?"
పరదాలు, అన్నాను, ఎందుకో.
"పొడుగు పని. మంచిదే."
మడమ, వేళ్ళు. మడమ, వేళ్ళు.
ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి
ఏమీ అర్థంకాక దుప్పటి కప్పుకున్నాడు.

చక్రాలు నేలను తాకాక
మేజోళ్ళ మడతలు సవరించుకుంటూ అంది:
"రెండుసార్లు దారం తెంపావు.
నిద్రపోయావు కదూ?"