సి షిఫ్టు వీధి

నెల్లిమర్లలో మా వీధికి
మిట్టమధ్యాహ్నమే అర్ధరాత్రి.
పన్నెండు దాటేసరికి
నూతి గిలకకి ఆముదం పడుతుంది.
కుక్కరు కూతెయ్యబోతే
గురివి గరిటెతో దాని నోరు నొక్కేస్తుంది.
ఉప్పు రాములప్పడు వీధి మొదట్లోనే సైకిలు దిగి
గొంతు జేబులో పెట్టుకుని
మెల్లగా నడిపించుకు పోతాడు.

రాత్రంతా గోగునార దుమ్ము మింగి వచ్చిన మగాళ్లు
తడిపి కట్టిన గోనెపట్టాల వెనక నిద్రపోతుంటారు.
గుమ్మంలో చెప్పులు బోర్లించి ఉంటే
ఆ ఇంటిని పిలవకూడదు.
అవసరమైతే పిట్టగోడ మీద గిన్నె పెట్టి వెళ్లాలి.
సత్తుగిన్నె అయితే మజ్జిగ,
ఇత్తడిదైతే చింతపండు.
తిరిగెళ్లే గిన్నె వట్టిగా వెళ్లకూడదు.
కోడలిగా వచ్చిన కొత్తలో
ఎవరు పెట్టారమ్మా ఈ చట్టం అని అడిగితే
పారమ్మప్ప నవ్వింది:
"మా అత్త అలగే సేసీది,
నానూ అలగే సేస్తన్నాను."

ఫాల్గుణంలో మిల్లు గేటుకి కాగితం అంటించారు.
సైరను ఆగిపోయింది.
ఇప్పుడు రాత్రుళ్లు మగాళ్లు ఇంట్లోనే ఉండి
దూలాలు లెక్కపెడుతున్నారు.
మరి మధ్యాహ్నాలు ఎవరి కోసం ఈ గుసగుసలు?
అయినా పన్నెండు దాటగానే
చెప్పులన్నీ బోర్లా పడ్డాయి.
పైసాకి పైసా చూసుకునే రోజుల్లో
గిలకకి మళ్లీ ఆముదమా అని
నేను లోపల్లోపల విసుక్కున్నాను కూడా.

ఒకరోజు దాహమేసి లేచి
తలుపు సందులోంచి చూశాను.
కాళ్ల కడియాలు తీసేసి
మండే సిమెంటు మీద వట్టికాళ్లతో పారమ్మప్ప.
కొంగు కింద గిన్నె.
సూరిదేముడి గోడ మీద పెట్టి
వెనక్కి చూడకుండా పోయింది.
సోలెడు నూకలు.
వీధి వీధంతా కళ్లు మూసుకుని మెలకువగా ఉంది.
సూరిదేముడైతే గురక పెడుతున్నాడు,
పుట్టి బుద్ధెరిగాక గురక పెట్టని మనిషి.

సాయంత్రం నూతి దగ్గర
అందరూ ఎండ గురించే మాట్లాడుకున్నారు.
ఈసారి ముంజెలు తొందరగా ముదిరిపోయాయట.

మర్నాడు అదే వేళకి
గిన్నె మా గోడ మీదుగా తిరిగెళ్తోంది.
వట్టిగా వెళ్లకూడదు కదా,
ఆ ఇంట్లో ఇంకేం మిగిలి ఉంటుంది?
తప్పే, మూత తీసి చూశాను.
అడుగున రెండు చుక్కల ఆముదం,
గిలక కోసం.

ఈ పూట నేనే రాశాను.